దత్తపుత్రత్వము, రెండవ పేరు: న్యూయార్క్ (1995), ఢిల్లీ (2023) తీర్పులపై ఒక వేదాంత పరిశీలన

దత్తత అనే మాట మన ప్రసంగ వేదికలకు క్రొత్తది కాదు. అపొస్తలుడైన పౌలు రోమా, గలతీ, ఎఫెసీ పత్రికలలో కలిపి అయిదుసార్లు వాడిన హుయియొథెసియా అనే గ్రీకు పదమును మన తెలుగు బైబిలు చాలా చోట్ల దత్తపుత్ర శబ్దముతోనే చెప్పింది. ఆ మాట మీద ఒక్కసారియైనా ప్రసంగించని సంఘకాపరి మనలో ఉండడు. అయితే ఒక బిడ్డను చట్టప్రకారము దత్తత తీసుకొనుట అంటే ఏమిటి, ఆ ఉత్తర్వులో ఎవరి పేర్లుంటాయి, ఉండవలసిన పేరు లేకపోతే ఆ బిడ్డకు ఏమవుతుంది అని మనము అడిగినది బహు తక్కువ. రూపకమును ఎరిగినంతగా అసలు వస్తువును ఎరుగము.

ఈ వ్యాసములో మేము పరిశీలించదలచినది దత్తతలో ఒక ప్రత్యేకమైన రకము. ఒక బిడ్డకు చట్టరీత్యా తల్లి గాని తండ్రి గాని ఒక్కరే ఉన్నారు. అదే ఇంటిలో మరొక వ్యక్తి ఆ బిడ్డను మొదటి నుండి పెంచుచున్నారు. ఆ ఇద్దరికీ వివాహము కాలేదు. కొన్ని సందర్భాలలో ఇద్దరూ స్త్రీలే, లేదా ఇద్దరూ పురుషులే. మొదటి వ్యక్తి హక్కు పోకుండానే రెండవ వ్యక్తి కూడ ఆ బిడ్డకు చట్టరీత్యా తల్లియో తండ్రియో కావడమును అమెరికా న్యాయవాదులు సెకండ్ పేరెంట్ అడాప్షన్ అంటారు. సవతి తల్లి లేక సవతి తండ్రి చేసుకొనే దత్తతకు ఇది దగ్గరి చుట్టమే. అక్కడ వివాహమున్నది, ఇక్కడ లేదు, భేదమంతా అదే.

దీనికొక తెలుగు పేరు పెట్టాలని ప్రయత్నించి మేము ఓడిపోయాము. పేరెంట్ అనే ఏకవచనము మనకు లేదు. తల్లి ఉన్నది, తండ్రి ఉన్నాడు, కలిపితే తలిదండ్రులు. జనకుడంటే కన్నవాడే. పోషకుడంటే అన్నము పెట్టినవాడు. మన పత్రికలలోనైతే చందా పంపినవాడు కూడ. కాబట్టి ఆంగ్ల పదమునే తెలుగు అక్షరములలో ఉంచి సెకండ్ పేరెంట్ దత్తత అని వ్రాస్తున్నాము.

ముందుగా ఒక మాట. వివాహము ఒక పురుషునికిని ఒక స్త్రీకిని మధ్య దేవుడు నియమించినదని మా సంఘము బోధిస్తుంది. మేమును ఆ బోధకు కట్టుబడినవారమే. ఈ వ్యాసమును దానిమీద తిరుగుబాటుగా ఎవరూ చదువనక్కర లేదు. అయితే వివాహమును గూర్చిన వాక్యములన్నీ వరుసగా చెప్పి కూర్చున్నంత మాత్రాన బిడ్డను గూర్చిన ప్రశ్నకు జవాబు చెప్పినట్లు కాదని మా అభిప్రాయము. ఆ అభిప్రాయమునకు రావడానికి మాకు చాలా ఏండ్లు పట్టింది. కారణము చివరన చెప్తాము.

న్యూయార్క్ తీర్పు

1995 నవంబరు 2న న్యూయార్క్ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము రెండు వ్యాజ్యములను కలిపి ఒకే తీర్పు చెప్పింది. బిడ్డల పేర్లనుబట్టి ఒకటి జేకబ్ వ్యాజ్యము, రెండవది డానా వ్యాజ్యము. మొదటిదానిలో ఒక తల్లి, ఆమెతో కలిసి జీవిస్తున్న పురుషుడు. వారికి పెండ్లి కాలేదు. బిడ్డ కన్నతండ్రి దత్తతకు సమ్మతించాడు. రెండవదానిలో ఒక తల్లి, ఆమెతో కలిసి జీవిస్తున్న స్త్రీ. క్రింది న్యాయస్థానములు రెండు అర్జీలనూ త్రోసిపుచ్చాయి. అత్యున్నత న్యాయస్థానము నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా చీలి, రెండు దత్తతలకూ అనుమతినిచ్చింది. ప్రధాన న్యాయమూర్తి జూడిత్ కే మెజారిటీ తీర్పును, జోసెఫ్ బెల్లకోసా భిన్నాభిప్రాయమును వ్రాశారు. వెర్మాంట్, మసాచుసెట్స్ న్యాయస్థానములు 1993లోనే ఇటువంటి దత్తతను అంగీకరించాయి గనుక ఇది మొట్టమొదటి తీర్పు కాదు. అయినను పెండ్లి కాని స్త్రీపురుషులను, ఇద్దరు స్త్రీలను ఒకే త్రాసులో పెట్టి తూచినది కాబట్టి మన పరిశీలనకు ఇదే తగినది.

చిక్కంతా రెండు సెక్షన్లలో ఉన్నది. దత్తత తీసుకోగలవారు ఎవరు అని 110వ సెక్షను ఆ దినాలలో ఇలా చెప్పేది: పెండ్లి కాని వయోజన వ్యక్తి ఒకరు, లేదా భార్యాభర్తలు కలిసి. దత్తత అయిన తరువాత కన్నవారి హక్కులు, బాధ్యతలు తొలగిపోతాయని 117వ సెక్షను చెప్తుంది. ఈ రెండింటినీ అక్షరాల కలిపి చదివితే విచిత్రమైన ఫలితము వస్తుంది. రెండవ వ్యక్తి దత్తత చేసుకొనిన క్షణమున కన్నతల్లి తల్లి కాకుండా పోతుంది. బిడ్డకు ఇద్దరు కావాలని న్యాయస్థానమునకు వెళ్లినవారు ఒక్కరితోనే ఇంటికి తిరిగి వస్తారు.

ఇది ఊహించి చెప్పిన మాట కాదు. స్విట్జర్లాండులో ఒక తల్లితో వివాహము లేకుండా జీవిస్తున్న పురుషుడు వికలాంగురాలైన ఆమె కుమార్తెను, అప్పటికే వయోజనురాలైన ఆమెను, ముగ్గురి ఇష్టముతో దత్తత తీసుకున్నాడు. అధికారులు చట్టమును అక్షరాల అమలు చేసి, తల్లికి కుమార్తెతో ఉన్న చట్టబద్ధ సంబంధమును తెంచివేశారు. యూరపు మానవ హక్కుల న్యాయస్థానము 2007 డిసెంబరు 13న దానిని కుటుంబ జీవితమును గౌరవించే హక్కుకు భంగమని తీర్పు చెప్పింది. కుమార్తెకు సేవచేసే తల్లి ఒక కాగితమువలన పరాయిదైపోయిన ఆ వృత్తాంతమును చదివినప్పుడు, చట్టపు అక్షరము ఎంత దూరము వెళ్లగలదో మాకు అర్థమైంది.

జూడిత్ కే ఈ చిక్కును ఎలా విప్పారు? దత్తత చట్టమంతటికీ గమ్యము బిడ్డ మేలు అన్నారు. 117వ సెక్షను ముఖ్యముగా ఆస్తి సంక్రమణను ఉద్దేశించినదనీ, బిడ్డ ఒక ఇంటిని విడిచి మరొక ఇంటికి వెళ్లే సందర్భమునకు సరిపోయేదనీ, కన్నతల్లి బిడ్డను విడువక సమ్మతించిన చోట దానిని యాంత్రికముగా వర్తింపజేయకూడదనీ వివరించారు. తరువాత బిడ్డకు కలిగే లాభములను ఒక్కొక్కటిగా చెప్పారు: సామాజిక భద్రతా చెల్లింపులు, వారసత్వము, ఆరోగ్య బీమా, ఆపదలో వైద్యమునకు సమ్మతి తెలిపే అధికారము ఇద్దరికీ ఉండడము. తల్లి చనిపోతే ఆ రెండవ వ్యక్తి దగ్గరనే బిడ్డ నిలిచియుండునన్న భరోసా వీటన్నిటికంటె పెద్దది. తీర్పులో మాకు అత్యంత బలముగా తోచిన భాగము ఈ జాబితాయే. ఇందులో సిద్ధాంతము లేదు, ఉద్యమము లేదు. జ్వరము వచ్చిన బిడ్డను ఆసుపత్రికి ఎవరు తీసుకొని వెళ్తారు, సంతకము ఎవరు చేస్తారు అన్నదే ఉన్నది.

బెల్లకోసా వాదమును తేలికగా తీసివేయకూడదు. దత్తత పూర్వపు సామాన్య న్యాయములో లేదు. శాసనము పుట్టించినది గనుక శాసనపు మాటలకే లోబడాలి. క్రొత్త రకపు దత్తత కావాలంటే శాసనసభ ఇవ్వాలి గాని న్యాయమూర్తులు కాదు అని ఆయన వాదము. అక్షరము, ఆత్మ అన్న జగడము మనకు రెండవ కొరింథీ పత్రిక నుండి తెలిసినదే కాబట్టి వెంటనే ఆత్మ పక్షమున చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. కొంచెము ఆగుదాము. ఆత్మానుసారముగా చదువుచున్నామని చెప్పి, తమకు కావలసిన అర్థమును వాక్యములోనికి దూర్చిన ప్రసంగీకులను మనము చూడలేదా? అక్షరమును కాపాడే మనిషి ఎల్లప్పుడు పరిసయ్యుడే కానక్కర లేదు.

మా విమర్శ మరొక చోట ఉన్నది. ఈ తీర్పు రెండు జంటలను ఒకే మాటతో కలిపివేసింది. జేకబ్ ఇంటిలోని స్త్రీపురుషులు వివాహము చేసుకొనగలవారు, చేసుకోలేదు. డానా ఇంటిలోని స్త్రీలకు ఆ దినాలలో ఆ దారి లేదు. వివాహము వారికి ఆ రాష్ట్రములో 2011లోను, దేశమంతట 2015లోను వచ్చింది. వివాహములో చేసే ప్రమాణమును వద్దనుకొనిన పురుషునికి ఆ ప్రమాణమువలన వచ్చే స్థానమును న్యాయస్థానము ఎందుకు ఇవ్వాలి? కాపరియైన వాడెవడైనను వారిని కూర్చోబెట్టి, మొదట పెండ్లి చేసుకొనండి అనియే చెప్తాడు. మేమును అదే చెప్తాము. తీర్పు ఈ ప్రశ్నను పట్టించుకొనలేదు. పట్టించుకొని జవాబు చెప్పియుంటే ఇంకను బలపడేది. ఎందుకంటే జవాబు లేకపోలేదు: దత్తతయే ఒక ప్రమాణము. భార్యకు చేసిన ప్రమాణమును నేటి చట్టము విడాకులతో రద్దు చేస్తుంది. బిడ్డకు చేసిన ఈ ప్రమాణమును విడాకులు రద్దు చేయవు. పెద్దలిద్దరు విడిపోయినను పోషణ బాధ్యత విడువదు. పెండ్లికి వెనుదీసిన మనిషి ఇంతకంటె గట్టి ముడికి మెడ వంచుచున్నాడంటే, వద్దని చెప్పడానికి మనకు ఏ వాక్యమున్నది?

రెండవ లోపము ఇంకను లోతైనది. ఈ దారి తెరువబడాలంటే మొదటి తల్లి సమ్మతించి, ఇద్దరూ అర్జీ పెట్టాలి. పెట్టని ఇంటిలోని బిడ్డ సంగతి? అదే న్యాయస్థానము 1991లో ఒక వ్యాజ్యములో, తల్లితో విడిపోయిన రెండవ స్త్రీకి బిడ్డను చూడడానికి సహితము హక్కు లేదన్నది. జూడిత్ కే అప్పుడు ఒంటరిగా భిన్నాభిప్రాయము వ్రాశారు. ఆ 1991 నియమము 2016 వరకు నిలిచియుండి, ఆ సంవత్సరము ఆగస్టులో గాని కొట్టివేయబడలేదు. అంటే ఇరువదియేండ్లకు పైగా అదే రాష్ట్రములో, అదే రకపు ఇంటిలో, కాగితము ఉన్న బిడ్డ ఒక విధముగాను, లేని బిడ్డ మరొక విధముగాను చూడబడ్డారు. కాగితము చాలా సంగతులను మార్చివేస్తుంది. జార్జియా రాష్ట్రము 2007లో ఇచ్చిన ఇటువంటి దత్తతను అలబామా న్యాయస్థానము 2015లో గుర్తించము అన్నప్పుడు, 2016 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు ఒక రాష్ట్రపు దత్తత తీర్పును మరొక రాష్ట్రము గౌరవించి తీరాలని చెప్పింది. వివాహము దేశమంతట అందుబాటులోనికి వచ్చిన తరువాత కూడ అక్కడి న్యాయవాదులు ఇటువంటి దంపతులను దత్తత ఉత్తర్వు విడిగా తీసుకొనుమని చెప్పుట ఇందుకే. జనన ధృవపత్రము న్యాయస్థానపు తీర్పు కాదు.

సమానత్వమును మాత్రమే ఆధారము చేసికొనిన యూరపు తీర్పులు మాకు అంతగా తృప్తి కలిగించలేదు. 2012 మార్చిలో ఫ్రాన్సు వ్యాజ్యములో రెండవ స్త్రీకి దత్తత లేకపోవుట వివక్ష కాదన్నారు. అక్కడ పెండ్లి కాని స్త్రీపురుషులకును అది లేదు గనుక. 2013 ఫిబ్రవరిలో ఆస్ట్రియా వ్యాజ్యములో అదే న్యాయస్థానము వివక్ష అన్నది. అక్కడ పెండ్లి కాని స్త్రీపురుషులకు ఉన్నది గనుక. పొరుగు బిడ్డకు దొరికితేనే ఈ బిడ్డకు దొరకాలి, ఇద్దరికీ లేకపోతే న్యాయము జరిగినట్లే అన్నమాట. త్రాసు సరిగానే నిలిచింది గాని బిడ్డ పళ్లెములో లేదు.

లేఖనములలో రెండవ పేరు

ఇప్పుడు మన వైపు వాదములను పరిశీలించుదము. మన సభలలో తరచుగా వినేది ఇది: బైబిలు దత్తత అంటే పాత సంబంధము పూర్తిగా తెగి క్రొత్త తండ్రి ఇంటికి చేరుట, ఒక తండ్రి పోయి మరొక తండ్రి వచ్చుట, కాబట్టి ఇద్దరిని జోడించే దత్తత లేఖన విరుద్ధము. ఈ వాదము బైబిలునుండి కంటె రోమా న్యాయశాస్త్రమునుండి వచ్చింది. రోమీయుల పద్ధతిలో దత్తుడు కన్నతండ్రి అధికారము నుండి పూర్తిగా బయటికి వచ్చేవాడు. పౌలు మనస్సులో ఆ పద్ధతియే ఉన్నదని ఫ్రాన్సిస్ లయాల్ వాదించారు. కాదు, రెండవ సమూయేలు 7:14లో దావీదు కుమారునికి చేయబడిన వాగ్దానమే మూలమని జేమ్స్ స్కాట్ 1992లో వాదించారు. ఆ చర్చ ముగియలేదు. రోమా పద్ధతి సహితము ఎల్లకాలము ఒకే తీరున లేదు. ఆరవ శతాబ్దములో జస్టీనియన్ చక్రవర్తి పరాయివాడు చేసుకొనిన దత్తతలో బిడ్డకు కన్న కుటుంబముతో సంబంధము నిలిచేటట్లు మార్చాడు.

పాత నిబంధన కథలను చూస్తే తెగగొట్టుట ఎక్కడా కనబడదు. ఆదికాండము 48వ అధ్యాయములో యాకోబు, యోసేపు కుమారులైన ఎఫ్రాయిమును మనష్షేను రూబేను షిమ్యోనులతో సమానముగా తనవారిగా ఎంచుకుంటాడు. యోసేపు బ్రదికియున్నాడు, ఎదుటనే నిలిచియున్నాడు. ఆ దినము తరువాత యోసేపు వారికి తండ్రి కాకుండా పోలేదు. ఆ దత్తత వలన వారికి స్వాస్థ్యములో పాలు వచ్చింది. జూడిత్ కే జాబితాలోని వారసత్వము ఇదే గదా. ఆ న్యూయార్క్ బిడ్డ పేరు కూడ జేకబ్, అనగా యాకోబు; యాదృచ్ఛికమే గాని మేము గమనించకుండ ఉండలేకపోయాము.

రూతు గ్రంథము చివరి అధ్యాయము మరింత జాగ్రత్తగా చదువదగినది. ఓబేదును కన్నది రూతు. ఒడిలోనికి తీసుకొని పెంచినది నయోమి. పొరుగు స్త్రీలు ఆ బిడ్డకు పేరు పెట్టుచు నయోమికి కుమారుడు పుట్టాడన్నారు. రూతు ఎక్కడికీ పోలేదు, ఎవరూ ఆమెను తీసివేయలేదు. కొందరు పాశ్చాత్య వ్యాఖ్యాతలు ఈ కథలో ఇద్దరు స్త్రీల దాంపత్యమును చూస్తారు. మేము చూడము, వచనము అంత బరువు మోయదు. అయితే ఒక బిడ్డకు ఇద్దరు స్త్రీలు తల్లులని ఊరి పొరుగువారు బహిరంగముగా ఒప్పుకొనిన సంగతి వచనములోనే ఉన్నది. ఆ ఒప్పుకోలు లేకపోతే ఆ వృద్ధురాలి గతి ఏమిటి?

అందరికంటె ముఖ్యుడు యోసేపు, మరియ భర్త. మత్తయి మొదటి అధ్యాయపు వంశావళి అతనితోనే ముగుస్తుంది; దావీదు కుమారుడని దేవదూత పిలిచినది అతనినే. అతడు కనలేదు. పేరు పెట్టాడు. పేరు పెట్టుటవలననే యేసు దావీదు వంశములో చట్టబద్ధముగా చేర్చబడెనని భాష్యకారులు చెప్తూ వచ్చారు. మరియ మాతృత్వము దానివలన తగ్గలేదు. మన క్రిస్మసు ప్రసంగములలో ఆవులపాక మీద పెట్టినంత శ్రద్ధ ఆ పేరు పెట్టిన చేతి మీద పెట్టము. మెస్సీయ వంశావళియే రెండవ పేరు మీద నిలిచియుండగా రెండవ పేరు లేఖన విరుద్ధమని ఎలా అంటాము?

మన తెలుగు నేలకు కూడ ఇది వింత కాదు. పూర్వపు హిందూ ధర్మశాస్త్రములో ద్వ్యాముష్యాయణుడు ఇద్దరు తండ్రుల కుమారుడు. కన్న ఇంటిలోను దత్త ఇంటిలోను అతనికి వారసత్వముండేది. రెడ్డి, కమ్మ కుటుంబములలో ఇల్లటపు అల్లుడు మామ ఆస్తికి కొడుకువలె వారసుడైనను పుట్టింటి హక్కును పోగొట్టుకొనేవాడు కాడు. పొలము నిలువడానికి రెండు ముడులు వేయగలిగిన మన పెద్దలకు ఈ లెక్క తెలియనిది కాదు.

వ్యతిరేక వాదములలో గట్టిది వాటికను 2003లో వెలువరించిన పత్రమునందున్నది. స్వలింగ జంటలకు చట్టబద్ధ గుర్తింపును గూర్చిన ఆ పత్రము, తల్లి తండ్రి ఇద్దరి అనుభవమును బిడ్డకు లేకుండ చేయుట ఆ బిడ్డకు చేసే హింస వంటిదన్నది. తల్లియు తండ్రియు ఉండుట మేలు అన్నది మేమును నమ్ముతాము. అయితే ఆ పత్రము మాటలాడేది ఒక బిడ్డను ఆ ఇంటికి అప్పగించుటను గూర్చి. సెకండ్ పేరెంట్ దత్తతలో అప్పగించుట అనేదే లేదు. బిడ్డ నిన్న ఆ ఇంటిలోనే నిద్రించింది, రేపును అక్కడనే నిద్రిస్తుంది. న్యాయమూర్తి అర్జీని త్రోసివేస్తే ఆ ఇంటికి ఒక తండ్రి రాడు; ఉన్న రెండవ మనిషి పరాయి మనిషిగా మిగిలిపోతుంది, అంతే. చట్టము బోధకుని వంటిది, అనుమతించిన దానిని మంచిదని నేర్పుతుంది అని మా మిత్రులు కొందరంటారు. అది నిజమే; ఆ భయము మాకును లేకపోలేదు. కాని ఆ పాఠమునకు రుసుము బిడ్డ చేత కట్టించకూడదు.

ఢిల్లీ తీర్పు

2023 అక్టోబరు 17న మన సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము స్వలింగ వివాహమును గూర్చిన వ్యాజ్యములలో తీర్పు చెప్పింది. వివాహము మౌలిక హక్కు కాదన్న దానిలో అయిదుగురు ఏకీభవించారు. దత్తత విషయములో ముగ్గురు, ఇద్దరుగా చీలిపోయారు. 2022 దత్తత నిబంధనలలోని 5(3), కనీసము రెండేండ్ల స్థిరమైన వైవాహిక జీవితము లేని జంటకు బిడ్డను ఇవ్వకూడదంటుంది. నాటి ప్రధాన న్యాయమూర్తి డి. వై. చంద్రచూడ్, న్యాయమూర్తి సంజయ్ కిషన్ కౌల్ ఈ నిబంధన మూల చట్టమును దాటినదన్నారు; పెండ్లి అయిన స్త్రీపురుషులే మంచి తలిదండ్రులు కాగలరనడానికి ఆధారము చూపలేదన్నారు. న్యాయమూర్తి రవీంద్ర భట్, ఆయనతో ఏకీభవించిన హిమా కోహ్లీ, పి. ఎస్. నరసింహ నిబంధనను నిలిపారు. జంట విడిపోతే బిడ్డకు పోషణ, సంరక్షణ దొరికే చట్టములన్నీ వివాహము మీద కట్టబడియున్నవి. ఆ కంచె లేని చోట బిడ్డను విడువలేమన్నది వారి భావము.

ఈ వాదము మాకు గౌరవింపదగినదిగానే కనబడింది. ఇది నైతిక ఉపన్యాసము కాదు, బిడ్డ చుట్టు ఉన్న కంచెను గూర్చిన ఆలోచన. అయితే అది తనను తానే ఓడించుకుంటుంది. 2015 బాలల న్యాయ చట్టము ఒంటరి వ్యక్తికి దత్తతను అనుమతిస్తుంది. ఒంటరి పురుషునికి ఆడబిడ్డను మాత్రము ఇవ్వదు. ఒంటరి స్త్రీ దత్తత తీసుకొని తరువాత మరొకరితో కలిసి జీవిస్తే చట్టము ఆపదు. ఆ బిడ్డ అదే ఇంటిలో, అదే ఇద్దరి చేతులలో పెరుగుతుంది. కంచె మాత్రము ఒకవైపే ఉంటుంది. భట్ గారికి ఇది తెలియక పోలేదు. అటువంటి ఇండ్లలోని బిడ్డలు ప్రయోజనములను కోల్పోవచ్చని, దీనిని ప్రభుత్వమును దత్తత సంస్థయు ఆలోచించాలని, న్యాయస్థానము దానికి తగిన వేదిక కాదని ఆయనే వ్రాశారు. మెజారిటీ తీర్పులో మేము మళ్లీ మళ్లీ చదివిన భాగము అదే. రోగమును కనుగొని, మందు మా దుకాణములో లేదన్నట్లున్నది. పునఃసమీక్ష అర్జీలను 2025 జనవరిలో త్రోసిపుచ్చారు.

ఈ విషయమున క్రైస్తవులమైన మనము ఇతరులను వ్రేలు చూపే స్థితిలో లేము. మనకే దత్తత చట్టము లేకుండెను. 1956 చట్టము హిందువులకు మాత్రమే; మనకు మిగిలినది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టము. పెండ్లియై ఇరువది యేండ్లైన క్రైస్తవ దంపతులు అనాథ బిడ్డను తెచ్చి పెంచినను, న్యాయస్థానము వారిని సంరక్షకులు అన్నదే గాని తలిదండ్రులు అనలేదు. మైనారిటీ తీరగానే ఆ సంరక్షణ సమాప్తము. వీలునామా లేకపోతే వారసత్వము లేదు. అందరికీ ఒకే దత్తత చట్టము తేవాలని 1972లోను 1980లోను పెట్టిన బిల్లులు చట్టములు కాలేదు. 2000 నాటి బాలల న్యాయ చట్టము, 2006 సవరణ మనకు తలుపు తీశాయి. ఏ మతస్థులైనను ఆ చట్టము క్రింద దత్తత తీసుకొనవచ్చునని సుప్రీంకోర్టు 2014 ఫిబ్రవరిలో తేల్చి చెప్పింది. పెంచినవాడు పరాయివాడుగా నిలువబడుట ఎటువంటిదో మన ముందటి తరమునకు తెలుసు. ఇప్పుడు ఇతరుల ఇండ్లలో అదే జరిగితే మనకు గుర్తు రావడము లేదు.

మా రిజిష్టరు

1999లో మేము డెల్టా ప్రాంతములోని ఒక పట్టణములో, అభిషేకము పొంది ఎంతో కాలము కాని కాపరిగా ఉంటిమి. మా సంఘములో ఇద్దరు పెండ్లి కాని స్త్రీలు ఒకే ఇంటిలో ఉండేవారు. ఒకరు ఉపాధ్యాయిని, మరొకరు నర్సు. వారి మధ్యనున్నది స్నేహమా, చుట్టరికమా, మరొకటా అని మేము అడుగలేదు, ఇప్పుడును అడుగము. ఒక అనాథ ఆడశిశువును తెచ్చుకున్నారు. జిల్లా న్యాయస్థానపు సంరక్షణ ఉత్తర్వు ఉపాధ్యాయిని పేరున ఉన్నది. రాత్రులు మేలుకొనినది ఎక్కువగా నర్సమ్మగారే అని వీధిలో అందరికీ తెలుసు.

బాప్తిస్మము దినమున ఇద్దరి పేర్లూ రిజిష్టరులో వ్రాయుమని అడిగారు. తల్లి గడిలో ఉపాధ్యాయిని పేరు వ్రాసి, ప్రక్కన సంరక్షకురాలు అని చేర్చాము. రెండవ పేరుకు గడి లేదన్నాము. “అయ్యగారూ, తండ్రి గడి ఖాళీగానే ఉన్నది గదా” అన్నారు నర్సమ్మగారు. “అది తండ్రి గడి అమ్మా” అన్నాము. ఆమె మరి మాటలాడలేదు. మేము నియమము తప్పలేదని ఆ రాత్రి సుఖముగానే నిద్రించాము.

2008లో ఉపాధ్యాయిని చనిపోయారు. వీలునామా లేదు. అన్నదమ్ములు వచ్చి ఇంటిని, సర్వీసు డబ్బును, వాటితోపాటు పాపను కూడ తీసుకొని వెళ్లారు. నర్సమ్మగారు న్యాయస్థానమునకు వెళ్లారు. ఇన్నాళ్లు ఆ బిడ్డను పెంచినదానినని చూపించడానికి ఆమెయొద్ద కాగితము లేదు. ఆమె న్యాయవాది మాయొద్దకు వచ్చి బాప్తిస్మపు రిజిష్టరు నకలు అడిగారు. ఇచ్చాము. అందులో ఆమె పేరు లేదు. న్యాయస్థానము దానిని ఎంతమట్టుకు లెక్కచేసియుండునో గాని, ఆమె చేతిలో పెట్టడానికి మేము ఇవ్వగలిగియుండిన కాగితము అదొక్కటే. పాప తిరిగి ఆమె దగ్గరకు చేరడానికి రెండేండ్లకు పైగా పట్టింది.

2021లో ఆ అమ్మాయి పెండ్లి మేమే జరిపించాము. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టపు రిజిష్టరులో వధూవరులిద్దరికీ తండ్రి పేరు అని ఒక గడి ఉన్నది. తల్లికి సహితము గడి లేదు. అమ్మాయి ఆ గడి వైపు చూచి, తరువాత మా వైపు చూచింది. చట్టపు రిజిష్టరు మేము మార్చగలిగినది కాదు. గడిలో అడ్డగీత గీశాము. సాక్షుల సంతకములకు కలము ముందుగా నర్సమ్మగారి చేతికి ఇచ్చాము; ఆమె కండ్లద్దములు వెదకుకొని, మెల్లగా, పూర్తి పేరు వ్రాశారు.